నామములందు ఉపసర్గలు

కొన్ని సంవత్సరముల క్రిందట ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో ఒక వృద్ధురాలు కాగితముల కట్టతో నా యొద్దకు వచ్చినది. ఆమె పేరు విజయ. భర్త రైల్వేలో పనిచేసి, ఉద్యోగ విరమణ చేసి, కొంతకాలమునకు మరణించెను. ఆమెకు రావలసిన కుటుంబ పింఛను నెలల తరబడి ఆగిపోయినది. కారణము చూడబోయిన మిక్కిలి చిన్నది. భర్త సర్వీసు పుస్తకములో ఆమె పేరు ఆంగ్లాక్షరములలో ‘బిజయ’ అని యున్నది. రేషను కార్డులోను, బ్యాంకు పుస్తకములోను ‘విజయ’ అని యున్నది. ఈ ఇద్దరును ఒకరే యని ఋజువు చూపుమని ఒక కార్యాలయమువారు అడిగిరి. నాకు తెలుగును హిందీయు వచ్చుననియు, అనువాదములు చేయుచుందుననియు ఎవరో చెప్పగా, వివరణగా ఒక లేఖ వ్రాయించుకొనుటకై ఆమె వచ్చినది. “మాస్టారూ, పేరు నాదే గదండీ, మరి తప్పెవరిదండీ?” అని అడిగినది.

లేఖ ఒక పుటలో ముగిసినది. ప్రశ్న మాత్రము ముగియలేదు. ఆ రెండు రూపములకు గల భేదమంతయు పేరునకు మొదట నున్న ఒక్క అక్షరములో నున్నది. ఆ అక్షరము సంస్కృత వైయాకరణులు ఉపసర్గలని పిలిచిన చిన్న పదములలో ఒకటి. మన దేశపు వ్యక్తి నామములలో ఈ చిన్న పదములు ఎట్లు ప్రవేశించినవి, ఎవరికి లభించినవి, ఎవరికి నిరాకరింపబడినవి, నోటినుండి నోటికి పోవునప్పుడు ఏమైనవి అను విషయములను విచారించినగాని ఆ వృద్ధురాలికి సరియైన సమాధానము చెప్పుట సాధ్యము కాదని నాకు తోచినది. ఈ వ్యాసము అందుకొరకే.

ముందుగా ఊరిని గురించి రెండు మాటలు. ఖరగ్‌పూర్ పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో నున్నది. ఇందా అను పేటలోని ఖడ్గేశ్వర శివాలయమును బట్టి ఊరికి ఈ పేరు వచ్చినదని స్థానికులు చెప్పుదురు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్దము ముగియుచుండగా ఇచ్చట కూడలి స్టేషనును, గొప్ప కర్మాగారమును నెలకొల్పెను. 1893-1896 సంవత్సరముల మధ్య బెజవాడ నుండి కటకము వరకు నిర్మింపబడిన తూర్పుతీరపు రైలుమార్గములో వాల్తేరునకు ఉత్తరమున నున్న భాగము 1902లో ఆ కంపెనీ చేతిలోనికి వచ్చినది. నాటి నుండి వాల్తేరునకును ఖరగ్‌పూరునకును నడుమ ఒకే కంపెనీ దారి. ఆ దారి వెంబడి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు పనులు వెదకికొనుచు వచ్చి ఇచ్చట స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడు నాటికే వారిలో రెండవ తరమువారు పెద్దవారైరి. నేడు బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా భాషలు ఒకే వీధిలో వినవచ్చును. ఒక పేరు నాలుగు విధములుగా పలుకబడుట ఇచ్చట వింత కాదు.

వారు విడిచి వచ్చిన విశాఖ, విజయనగరములు రెండును ‘వి’తోనే మొదలగుచున్నవి. విశాఖ యనగా వేరువేరుగా చీలిన శాఖలు గలది. విజయము విశేషమైన జయము. ఒకే ‘వి’ ఒకచోట చీలికను, ఒకచోట వైశిష్ట్యమును తెలుపుచున్నది. ఉపసర్గల స్వభావమిట్టిదే.

సంస్కృతములో ఉపసర్గలు ఇరువది రెండు: ప్ర, పరా, అప, సమ్, అను, అవ, నిస్, నిర్, దుస్, దుర్, వి, ఆఙ్, ని, అధి, అపి, అతి, సు, ఉత్, అభి, ప్రతి, పరి, ఉప. యాస్కుడు తన నిరుక్తములో పదములను నామము, ఆఖ్యాతము, ఉపసర్గ, నిపాతము అని నాలుగుగా విభజించి, ఉపసర్గకు స్వతంత్రమైన అర్థము కలదా లేదా అను చర్చను ప్రస్తావించెను. విడిగా నున్నప్పుడు వానికి అర్థము లేదని శాకటాయనుని మతము. ఉన్నది, అదియు పెక్కు విధములుగా నున్నది అని గార్గ్యుని మతము. పాణిని ఈ వివాదములో తలదూర్చక, ‘ప్ర’ మొదలగునవి క్రియతో కూడినప్పుడు ఉపసర్గలని పిలువబడునని మాత్రము నిర్ణయించెను.

వీని బలము తెలిసికొనుటకు పాఠశాలలో ‘హృ’ ధాతువును ఉదాహరణముగా చూపుదురు. ప్రహారము కొట్టుట, ఆహారము తినుట, సంహారము చంపుట, విహారము తిరుగుట, పరిహారము తొలగించుట. ధాతువు ఒక్కటే, ముందు నిలిచిన చిన్న పదమే దానిని ఇన్ని దిక్కులకు త్రిప్పుచున్నది. మన ప్రస్తుత విషయమునకు ‘జి’ ధాతువు ఇంకను అనుకూలము. దానికి ‘వి’ చేరిన విజయము, ‘పరా’ చేరిన పరాజయము. ‘వి’, ‘పరా’ అను ఈ రెండింటి తరువాత ‘జి’ ధాతువు ఆత్మనేపదమును పొందునని పాణిని ఒకే సూత్రములో చెప్పెను. గెలుపును ఓటమిని వ్యాకరణము ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టినది.

మనుష్యులు మాత్రము వాని నట్లు సమానముగా చూడలేదు. ‘జి’ ధాతువు నుండి వచ్చిన పేరులను లెక్కింపుడు: విజయుడు, సంజయుడు, అభిజిత్తు. విజయుడనునది అర్జునుని పది పేరులలో ఒకటి యని తెలుగు పిల్లలందరును నేర్చినదే. పరాజయుడను పేరుతో బిడ్డను పిలిచిన తల్లి లేదు. కాని ఆ ‘పరా’కు ముందు మరియొక నిషేధాక్షరమును చేర్చిన వెంటనే అపరాజిత యను అందమైన పేరైనది. బెంగాల్‌లో అది ఆడపిల్లలకు ఇష్టమైన పేరు. ‘పరా’ స్వతః చెడ్డది కాదనుటకు పరాశర మహర్షియు, పన్నెండవ శతాబ్దములో సింహళమును ఏలిన పరాక్రమబాహువును సాక్షులు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. అశోక, అజిత, అమల, అనసూయ అను పేరులలోని మొదటి అకారము ఉపసర్గ కాదు. లేదనుటను తెలుపు నిషేధార్థకము. అవినాశ్ అను పేరులో రెండును కలవు: నశించుటకు ‘వి’ చేరి వినాశమైనది, దానికి అకారము అడ్డువచ్చినది. అనుపమ యను పేరును ‘అను’ ఉపసర్గతో విడదీయువారు కలరు. అది పొరపాటు. ‘ఉపమ’ లేనిది గనుక అనుపమ. అందులోని ఉపసర్గ ‘ఉప’. నీరజ యనగా నీరమున పుట్టినది; దానిలో ‘నిర్’ లేదు. అనురాధలో మాత్రము ‘అను’ నిజముగానే కలదు. విశాఖా నక్షత్రమునకే రాధ యని పూర్వనామము. దాని వెంట వచ్చునది గనుక అనురాధ.

ఇట్టి పొరపాటు విభజనలలో ఒకటి భాషకే క్రొత్త పదము నిచ్చినది. వేదములో ‘అసుర’ శబ్దము మొదట ప్రాణబలము గల ప్రభువను అర్థములో దేవతలకు కూడ వాడబడినది. దానిలో నిషేధాకారము లేదు. తరువాతి కాలమున దానిని ‘సురుడు కానివాడు’ అని విడదీసి, దేవతల కొరకు ‘సుర’ శబ్దమును కల్పించుకొనిరి. సురేశ్, సురేంద్ర అను పేరులు ఆ కల్పన నుండియే వచ్చినవి. వానిలో ‘సు’ ఉపసర్గ యున్నదని భావించువారు తప్పు చేయుచున్న మాట నిజమే. అయితే ఆ పేరులు పుట్టినదే ఒక పూర్వపు తప్పు నుండి గనుక, వారిని మరీ తప్పుపట్ట నక్కరలేదు.

ఇక చరిత్రకు వత్తము. పేరులో ఉపసర్గ యుండుట మంచిదని స్పష్టముగా చెప్పిన శాస్త్రము ఒకటి కలదు, అదియు తెలుగువారికి మిక్కిలి దగ్గరిది. ఆపస్తంబ గృహ్యసూత్రము నామకరణమును గురించి నియమములు చెప్పుచు, మగబిడ్డ పేరునకు రెండు గాని నాలుగు గాని అక్షరము లుండవలెననియు, అది నాదము గల హల్లుతో మొదలై, నడుమ అంతస్థాక్షరము గలదై యుండవలెననియు చెప్పి, లేదా ‘సు’ అను ఉపసర్గ గల పేరు పెట్టవచ్చును, అట్టి పేరు స్థిరమైన ప్రతిష్ఠ గలది అని బ్రాహ్మణ ప్రమాణముతో ముగించినది. ఆంధ్రదేశపు వైదిక కుటుంబములలో అధికభాగము ఆపస్తంబ సూత్రము ననుసరించునవే. సుబ్రహ్మణ్యము, సుందరము, సుబ్బలక్ష్మి అని ఇండ్లలో పిలుచుకొనునపుడు ఈ సూత్రము ఎవరికిని జ్ఞాపకము రాకపోవచ్చును. కాని ఆ అలవాటునకు వెనుక ఇంత ప్రాచీనమైన విధి నిలిచియున్నది. పతంజలి కూడ వ్యాకరణము చదువవలసిన ప్రయోజనములను చెప్పు సందర్భములో పేరు పెట్టు నియమములను ఉదహరించెను. వ్యాకరణము రానివానికి బిడ్డ పేరు సరిగా పెట్టుట రాదని ఆయన భావము.

అంతకు పూర్వము ఋగ్వేదములోనే, పదిమంది రాజులతో యుద్ధము చేసి గెలిచిన సుదాసుడు కనిపించును. ఇతిహాసములలో సుగ్రీవుడు, సుమిత్ర, సుభద్ర, సుదేష్ణ, విదురుడు, విభీషణుడు, సంజయుడు, ప్రద్యుమ్నుడు, అభిమన్యుడు, పరీక్షిత్తు వరుసగా నిలుతురు. వీరిలో సంకీర్ణమైన కథ ‘దుర్’ అను ఉపసర్గది. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుశ్శల అను పేరులు వినగానే, చెడ్డవారికి కవి పెట్టిన చెడ్డ పేరులని మనకు తోచును. కాని ‘దుర్’ అనగా చెడ్డది యను అర్థము మాత్రమే కాదు, కష్టసాధ్యము అను అర్థము కూడ కలదు. యుద్ధములో ఎదిరింప శక్యము గానివాడు దుర్యోధనుడు. వీరునకు తగిన పేరే. భారతములోనే అతనికి సుయోధనుడను నామాంతరము వినబడును. అతనిని సగౌరవముగా పిలువదలచినవారు ఒక్క ఉపసర్గను మార్చిరి. అదే ‘దుర్’ మరియొకచోట జగన్మాత పేరైనది. చేరుట కష్టమైనది దుర్గ. విజయవాడ కొండమీది కనకదుర్గను కొలుచు తెలుగువాడును, శరత్కాలమున దుర్గాపూజ చేయు బెంగాలీయుడును ఆ పేరును నోటనిండ పలుకుదురు. ఖరగ్‌పూర్‌లో దుర్గారావు ఇంటిప్రక్క దుర్గాచరణుడు ఉండవచ్చును. వారిలో ఎవరికిని తమ పేరులో దుర్యోధనుని ఉపసర్గయే యున్నదను తలంపు రాదు.

అయితే ఈ మంచి పేరులు అందరికిని లభించినవా? మనుస్మృతి రెండవ అధ్యాయములో దీనికి సమాధానము నిస్సంకోచముగా కలదు. బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును, శూద్రుని పేరు జుగుప్సను తెలుపవలెనని దాని విధి. తరువాతి శ్లోకములో శూద్రుని పేరు సేవను తెలుపునదిగా నుండవలెనని మరల చెప్పబడినది. స్త్రీల పేరులు సుఖముగా పలుకదగినవియు, మనోహరములును, మంగళకరములును కావలెనని అచ్చటనే యున్నది. అనగా ‘సు’ యొక ఆశీర్వచనము. కాని ఆశీర్వచనమునకు కూడ హద్దులు గీయబడినవి. గృహ్యసూత్రము ‘సు’ గల పేరు ప్రతిష్ఠ గలదన్నప్పుడు, ఆ ప్రతిష్ఠను ఎవరి బిడ్డకు కోరుచున్నదో విడిగా చెప్పనక్కరలేకపోయెను.

హద్దులకు ఆవలనున్నవారు పేరులు లేక యుండలేదు. వారికి తమ దేవతలు, తమ కొండలు, తమ ఇష్టములు కలవు. ఉత్తరాంధ్రమునుండి ఖరగ్‌పూరునకు వచ్చిన మొదటి తరమువారి పేరులు అప్పన్న, అప్పలస్వామి, సింహాచలము, పైడయ్య, పైడమ్మ, ఎర్రయ్య వంటివి. సింహాచల నరసింహస్వామియు, విజయనగరపు పైడితల్లియు ఆ పేరులలో రైలెక్కి వచ్చిరి. పుట్టిన బిడ్డలు వరుసగా పోవుచుండగా, మిగిలినవానిని మృత్యువు కంటబడకుండ కాపాడుటకై పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టుటయు తెలుగునాట అంతటను ఉండెడిది. శాస్త్రము పైనుండి విధించిన జుగుప్స వేరు, తల్లి ప్రేమతో తెచ్చిపెట్టుకొన్న జుగుప్స వేరు. వైదిక వాఙ్మయములోను ఇట్టి పేరులు లేకపోలేదు. ఐతరేయ బ్రాహ్మణములోని శునఃశేపుని పేరును, అతని అన్నదమ్ముల పేరులును కుక్క తోకకు సంబంధించినవే.

ఉపసర్గ గల పేరు అధికారమునకు చిహ్నమగుట రాజవంశములలో చక్కగా కనిపించును. వేంగీ చాళుక్యులలో విజయాదిత్య నామము తరతరములుగా వచ్చినది. తొమ్మిదవ శతాబ్దమున గుణగ విజయాదిత్యుడు వారిలో ప్రసిద్ధుడు. కాకతీయుల కథ ఇంకను విలువైనది. ఆ వంశపు తొలి రాజుల పేరులు బేతడు, ప్రోలడు, అచ్చముగా దేశీయములు. రాజ్యము పెరిగిన కొలది రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు వచ్చిరి. 1289 నుండి 1323 వరకు ఏలిన కడపటి రాజు ప్రతాపరుద్రుడు. రెండు మూడు శతాబ్దములలో ప్రోలని నుండి ప్రతాపరుద్రునికి ఒక కుటుంబము ప్రయాణము చేసినది. రెండు పేరులకును ముందు ‘ప్ర’ వంటి ధ్వని వినబడును గాని, ప్రోలలోనిది సంస్కృతోపసర్గ కాదు. ప్రొద్దు, ప్రాత అను మాటలలో వలె అచ్చ తెనుగు సంయుక్తాక్షరము.

ఈ పోలిక మన ప్రశ్నకు అక్కరకు వచ్చును. ప్రొద్దు నేడు పొద్దైనది, ప్రాత పాతయైనది, క్రొత్త కొత్తయైనది. హల్లు వెనుక నిలిచిన రేఫమును తెలుగు నాలుక కాలక్రమమున విడిచినది. కావుననే పల్లెలలో ప్రసాదము పెసాదమగును. దీనిని అజ్ఞానమని నవ్వువారు ఒక విషయమును మరచుచున్నారు. రెండువేల సంవత్సరములకు పూర్వమే ప్రాకృత భాషలు ఇదే పని చేసినవి. బుద్ధుని కాలపు కోసల రాజైన ప్రసేనజిత్తు పాలి గ్రంథములలో పసేనది. బుద్ధుని పెంచిన తల్లి మహాప్రజాపతి అచ్చట మహాపజాపతి. అశోకుని మనుమడును, జైనమతపోషకుడుగా ప్రసిద్ధుడును అగు సంప్రతి పేరు మరియొక విశేషము. దానిలో ధాతువే లేదు. ‘సమ్’, ‘ప్రతి’ అను రెండు ఉపసర్గలు కలిసి ‘ఇప్పుడు’ అను అర్థము నిచ్చుచున్నవి. ఉపసర్గకు విడిగా అర్థము లేదన్న శాకటాయనుడు ఈ పేరు వినినచో ఏమనెడివాడో!

తెలుగు భాష స్వభావము ఉపసర్గకు విరుద్ధమనియే చెప్పవచ్చును. సంస్కృతము ధాతువు ముందర చేయుపనిని తెలుగు వెనుక చేయును: చేసికొనుట, చేసివేయుట, చేసిపెట్టుట. పేరులలోను అంతే. మన గౌరవమంతయు చివరనుండును: అయ్య, అమ్మ, అన్న, అప్ప, రావు, రాజు. అందుచేత తెలుగు పేరు రెండు వైపుల నుండి కూర్చబడినది. సుబ్బయ్య యను పేరును చూడుడు. సుబ్రహ్మణ్య శబ్దము కుదించుకొని సుబ్బయైనది, తెలుగు అయ్య వచ్చి చేరినది. ముందు ఆపస్తంబుడు మెచ్చిన ‘సు’, వెనుక మన ఇంటి ‘అయ్య’. ఆ పేరును ఇటు పండితుడును అటు పాలేరును ధరించిరి. మనువు గీసిన గీటును సుబ్బయ్య చప్పుడు లేకుండ ఎప్పుడో దాటెను.

తెలుగు మరియొక పనియు చేసినది. ఉత్తరదేశపు ప్రకాశ్ మనకు ప్రకాశమాయెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పేరులో చివరి అనుస్వారము తెలుగు ముద్ర. హిందీ ప్రాంతమున అదే పదము జయప్రకాశ్ నారాయణ్ పేరులోవలె చివరి అచ్చు లేక నిలుచును. ప్రసాద్ అను పదము రాజేంద్ర ప్రసాద్ పేరులో రెండవ భాగము. తెలుగువాడు దానినే తీసికొని ముందు భాగముగా కూడ పెట్టుకొని, ప్రసాదరావని పిలిచెను. బెంగాలీ నోట ‘ప్ర’ ‘ప్రొ’ అగును, ‘సు’ ‘శు’ అగును, ‘సమ్’ ‘శొమ్’ అగును, ‘అభి’ ‘ఒభి’ అగును, ‘వి’ ‘బి’ అగును. బెంగాలీ లిపిలో వకారమునకును బకారమునకును ఒకే అక్షరము. కావున ‘పథేర్ పాంచాలి’ వ్రాసిన నవలాకారుని తెలుగువారు విభూతిభూషణుడన్నను, ఆయన ఊరివారికి ఆయన బిభూతిభూషణుడే. రవీంద్రుని ‘గోరా’ నవలలో గోరా మిత్రుడు బినయుడు. తెలుగు పాఠకుడు అతనిలో వినయుని వెంటనే గుర్తించును. ఒడిశా ముఖ్యమంత్రిగా పనిచేసిన బిజూ పట్నాయక్ పూర్తి పేరు బిజయానంద. ‘వి’యును, ‘ఆ’యును రెండు ఉపసర్గలు గల ఆ పేరులో లోకము వాడుకొన్నది ‘బిజ’ అను తొలి తునక మాత్రమే. బెంగాలీయుల ఇంటిపేరులలోను ఉపసర్గలు దాగియున్నవి. చట్టోపాధ్యాయ, ముఖోపాధ్యాయ, బంద్యోపాధ్యాయ అనువానిలోని ఉపాధ్యాయ శబ్దమునకు ‘ఉప’, ‘అధి’ అను రెండు ఉపసర్గలు ముందున్నవి. అవి ఆంగ్లములో చటర్జీ, ముఖర్జీ, బెనర్జీలైనప్పుడు ఉపసర్గలు పూర్తిగా కనుమరుగైనవి. అయినను ఆ రెండు రూపములును ఒకరివే యని లోకమున ఎవరును సందేహింపలేదు.

ఖరగ్‌పూరునకు సమీపమున హిజ్లీలో ఆంగ్ల ప్రభుత్వము నడిపిన నిర్బంధ శిబిరముండెను. 1931 సెప్టెంబరు 16న అచ్చట కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను ఇరువురు బందీలు మరణించిరి. ఆ భవనములోనే 1951లో మొదటి భారతీయ సాంకేతిక విద్యాసంస్థ తరగతులు ఆరంభమైనవి. ‘సమ్’ ఉపసర్గతో తుష్ ధాతువు చేరి సంతోషమైనది. బెంగాలీలు ఆ వీరుని ‘శొంతోష్’ అందురు, తెలుగువారు ‘సంతోష్’ అందురు. నేడు ఈ పట్టణపు తెలుగు ఇండ్లలో సంతోష్ అను పేరు గల యువకులు ఎందరో కలరు. తాత అప్పలస్వామి, తండ్రి సుబ్బారావు, మనుమడు సంతోష్. ఇది ఇచ్చటి ఎన్నో కుటుంబముల క్రమము. బేతని నుండి ప్రతాపరుద్రుని వరకు కాకతీయులు సింహాసనము మీదుగా చేసిన ప్రయాణమును, వీరు రెండు మూడు తరములలో కర్మాగారపు గేటు మీదుగాను పాఠశాల మీదుగాను చేసిరి.

ఈ మార్పును కేవలము ఫ్యాషనని తీసివేయరాదు. కూలిపనికి వచ్చిన తండ్రి కుమారునికి విజయుడని పేరు పెట్టినప్పుడు, పేరులో బలమును చెప్పుకొను అర్హత ఒక వర్ణమునకే కలదన్న విధిని అతడు తెలియకయే రద్దు చేసెను. అదే సమయమున మరియొక నష్టమును కూడ చెప్పవలెను. అప్పలస్వామి యను పేరు మొరటనియు, ప్రణవ్, అభినవ్ నాగరికములనియు పిల్లలు సిగ్గుపడుట కలదు. సింహాచలము కొండను మోసికొని వచ్చిన పేరు ఏ ఉపసర్గ గల పేరునకును తీసిపోదు. అర్థము తెలిసి పెట్టుకొన్న ‘ప్ర’ అందమే. తాత పేరును దాచుకొనుటకై పెట్టుకొన్న ‘ప్ర’ మాత్రము, ధాతువు లేని ఉపసర్గ వలె, దేనికిని అంటక మిగులును.

ఇప్పుడు ఆ వృద్ధురాలి ప్రశ్నకు రావచ్చును. నేను వ్రాసిన లేఖలో ఇంత చరిత్ర లేదు. బెంగాలీ, ఒడియా భాషలలో వకారము బకారముగా పలుకబడుననియు, ‘విజయ’ ‘బిజయ’ అనునవి ఒకే ఉపసర్గ, ఒకే ధాతువు గల ఒకే పేరనియు, శ్లేష యమకాదులలో వ-బలకు భేదము లేదని సంస్కృతాలంకారికులే అంగీకరించిరనియు వ్రాసి సంతకము చేసితిని. దానితోపాటు న్యాయవాది వ్రాసిన ప్రమాణ పత్రమును జతచేయవలసి వచ్చినది. కొంతకాలమునకు పింఛను మంజూరైనది. పనిచేసినది ఆలంకారికుల మాటయో, ముద్రవేసిన కాగితమో నేను చెప్పజాలను. 2010 నుండి ఇయ్యబడుచున్న ఆధార్ కార్డు మీద పేరు ఆంగ్లములోను ప్రాంతీయ లిపిలోను ముద్రింపబడుచున్నది గనుక, తెలుగువారి పేరులు ఇచ్చట బెంగాలీ లిపిలోనికి మారక తప్పదు. ఇట్టి చిక్కులు ఇంకను వచ్చుచునే యుండును.

తప్పెవరిదని ఆమె అడిగినది. సర్వీసు పుస్తకములో వ్రాసిన గుమాస్తా తాను విన్నది విన్నట్లు వ్రాసెను; అతని చెవికి అది బిజయయే. ఆమె తల్లిదండ్రులు పెట్టినది విజయయే. ప్రసేనజిత్తును పసేనది యని వ్రాసిన భిక్షువు తప్పు చేయలేదు, అతని వలన కోసల రాజు మరియొకడు కాలేదు. దోషమున్నచో, అక్షరమును చూచి మనిషిని చూడని పద్ధతిలో నున్నది. ఉపసర్గ క్రియతో కూడినప్పుడే ఆ పేరునకు తగునని పాణిని చెప్పెను. పేరు కూడ అంతే. దానిని ధరించి బ్రతికిన మనిషితో కూడినప్పుడే అది పేరగును. కాగితములను కట్టకట్టుకొనుచు ఆమె, నేను అడుగకయే, లేఖ నకలు మీద తెలుగులో ‘విజయ’ అని సంతకము చేసినది. ఆ సంతకము వంకరగా నున్నది గాని, అందులో సందేహమునకు చోటు లేదు.